కాకి ముట్టితే స్నానం

ఇప్పటి పిల్లల ఫోన్లలో ఆటలు అయిపోవడమన్నది లేదు. ఒకటి విసుగొస్తే వేలితో పక్కకు నెట్టి ఇంకొకటి దించుకుంటారు. ఆ రోజుల్లో మాకు ఆట విసుగొస్తే ఆటను మార్చే వీలు లేదు, మమ్మల్ని మేమే మార్చుకోవాలి. దేశం తన తలుపులు ప్రపంచానికి బార్లా తెరిచిందని అప్పట్లో పేపర్లు రాశాయట. నేను తొమ్మిదో తరగతిలోనే చదువుకు సెలవిచ్చినవాణ్ని కనుక (మాస్టర్లను అడిగితే చదువే నాకు సెలవిచ్చిందంటారు) ఆ వార్త నాదాకా రాలేదు. అయితే ఆ తెరిచిన తలుపులోంచి మహారాష్ట్ర అంచున రాజురాలోని మా గల్లీదాకా నడిచొచ్చినది ఒకటుంది. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ డబ్బా, దాంతోపాటు పసుపురంగు కేసెట్టు. ఆ కేసెట్టులో తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలున్నాయని దాని మీదే అంకెల్లో అచ్చువేసి ఉంది.

మా మేనమామ చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గుగనిలో పనిచేసేవాడు, వారానికోసారి ఇల్లు చేరేవాడు. ఒక దీపావళికి చంద్రపూర్ బజార్లో ఆ డబ్బా కొని కొడుక్కి తెచ్చిచ్చాడు. ఆ కొడుకు నాకు బావ, నాకంటే ఏడాది పెద్ద, ఇల్లు మా గల్లీలోనే. గోలీలాటలో కూడా సాక్షుల్ని నిలబెట్టి వాంగ్మూలం తీసుకునే రకం కనుక ఊరంతా వాణ్ని వకీలు బావ అనేది. మొదటి రోజే, మా నాన్న ఇంట్లో లేని వేళ చూసి మా టీవీకి తగిలించి, బావ ఆ ఆటలన్నీ వరసగా తెరిచి చూడటానికి కూర్చున్నాడు. ఎనిమిదో నంబరు దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, "అరే, ఇది మొదటిదే రా. పేరు మార్చిండ్రు గంతే" అన్నాడు. తొమ్మిదోది రెండోదే. మూడు వందల దాకా చూశాక తేలింది, ఉన్నవి ఏడే ఆటలు, అవే వేషాలు మార్చుకొని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఆదివారం చంద్రపూర్ పోయి దుకాణదారును నిలదీశాం. ఆయన పాన్‌ను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకొని, "పూరా గినా క్యా?" అన్నాడు, అన్నీ లెక్కపెట్టారా అని. మూడు వందల దాకా చూశామన్నాం. "తో బాకీ గిన్‌కే ఆవో" అని, మిగతావీ లెక్కపెట్టి రమ్మని, ఇంకో గిరాకీ వైపు తిరిగాడు. వకీలు బావ ఓడిపోయిన మొదటి కేసు అది.

ఇక డబ్బాను రోజూ తగిలించడానికి టీవీ కావాలి. బావ ఇంట్లో లేదు, మా ఇంట్లో ఉంది కానీ నాన్న ఒప్పుకోలేదు. వీడియో గేమ్ పెడితే పిక్చర్ ట్యూబు పోతుందని ఆ రోజుల్లో పెద్దలందరికీ ఎవరో కలలోకొచ్చి చెప్పినట్టు గట్టి నమ్మకం. నేనప్పటికే బస్టాండు దగ్గర టీవీ మిస్త్రీ వద్ద పని నేర్చుకుంటున్నాను. ఆ హోదాతో, "ఏం కాదు నాయ్నా, నేను చెప్తున్న గద" అన్నాను. నాన్న నన్ను పైనుంచి కిందకి చూసి, "నువ్వు పనికి చేరి ఆర్నెల్లు గాలే. టీవీ ఇంటికొచ్చి ఆరేండ్లయింది. నేను టీవీ మాటనే వింట" అన్నాడు.

అప్పుడు మమ్మల్ని ఆదుకున్నది పక్కింటి కాకి. మరాఠీలో కాకి అంటే పిన్ని. మరాఠీ ఆమె కనుక మా గల్లీలో చిన్నాపెద్దా అందరికీ ఆమె కాకే. ఆమె భర్త కాకా తహసీలు ఆఫీసులో గుమాస్తా, కొడుకు నాగపూర్‌లో చదువు, మధ్యాహ్నాలు ఇంట్లో కాకి, ఆమె కలర్ టీవీ మాత్రమే ఉండేవి. మా మిస్త్రీ రెండింటికి నడుం వాలిస్తే ఐదింటికి గాని లేచేవాడు కాదు, బావకేమో పొద్దుటిపూటే బడి. ఆ మూడు గంటలూ కాకి మాకు టీవీ ఇచ్చింది. పైగా స్విచ్చి వేయకముందే ఇత్తడి ప్లేట్లలో అటుకులు పెట్టేది. "ఆధీ పోహే ఖా, మగ్ ఖేళా" అనేది, ముందు తినండి, తర్వాతే ఆట. పదిహేనేళ్లుగా గోడకు గోడ ఆనుకొని ఉన్నా ఆమెకు తెలుగులో 'దా', 'తిన్నవా' తప్ప మూడో మాట రాదు. ఆ రెండు మాటలు వచ్చాక మూడోదాని అవసరం ఆమెకు కలగలేదనుకుంటాను.

ఏడు ఆటలు ఎన్నాళ్లు వస్తాయి? ఉగాది రాకముందే అన్నీ కంఠతా వచ్చేశాయి. ఏ పొదలోంచి ఏ పంది వస్తుందో కళ్లు మూసుకొని చెప్పేవాళ్లం, ఆట అంత తేలికైపోయింది. అప్పుడు వకీలు బావకు ఆలోచన వచ్చింది. "ఆట అల్కగైంది గని మనం అల్కగ ఆడుడెందుకు? రూల్స్ పెట్టుకుందాం" అన్నాడు. అలా మొదలైంది. ఒంటికాలి మీద నిలబడి ఆడాలని ఒక రూలు. ఆడుతున్నంతసేపు నోరు విప్పితే ఔటని ఇంకో రూలు (ఇది నన్ను దృష్టిలో పెట్టుకొని చేసిన చట్టం). శనివారం టోపీవాడు ఉపాసముండాలని మూడోది. టోపీవాడంటే అడవిలో గెంతుతూ పోయే మా ఆట కథానాయకుడు, దారిలో పండ్లు, రొట్టెలు తింటే బలం వచ్చేది. శనివారం ఏమీ ముట్టకూడదని నేనన్నాను. "ఉపాసమున్నోళ్లు పండ్లు తింటరు గద" అని బావ అడ్డం తిరిగాడు. రెండు మధ్యాహ్నాలు వాదించుకున్నాక పండ్లు చెల్లుతాయి, రొట్టె చెల్లదు అని రాజీపడ్డాం. ప్రాణం పోతున్నా ముందున్న రొట్టెను దాటి పోయేవాడు మా టోపీవాడు. అంత నిష్ఠగల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కానీ రూలన్నిటికీ రాజు నాలుగోది. ఆ అడవిలో కాకులుండేవి. మీదికొచ్చిన కాకి నెత్తిన దూకితే అది చచ్చేది, చస్తూ చస్తూ తడిసిన చెప్పును తొక్కినట్టు 'కిర్ర్‌క్' అని ఇల్లంతా వినబడేలా అరిచేది, మనకు ఒక ప్రాణం ఎక్కువొచ్చేది. బావ దాన్ని నిషేధించాడు. "కాకులంటే సచ్చిపోయిన పెద్దమనుషులు. పెద్దమనుషుల నెత్తిమీద దునుకుతరా?" అన్నాడు. కనుక కాకిని చంపరాదు, ముట్టరాదు, తప్పించుకొని పోవాలి. పొరపాటున ముడితే నిజం కాకి తాకినప్పుడు మన ఇళ్లలో ఏం చేస్తారో అదే చేయాలి, పెరట్లో నల్లా దగ్గరికి పోయి నెత్తిన నీళ్లు పోసుకొని రావాలి. ఈ ఒక్క రూలుతో పాత ఆట కొత్తదైపోయింది. ముఖ్యంగా చివరి దర్వాజా ముందు మూడు కాకులు ఒకేసారి వచ్చేవి. ముట్టకుండా దాన్ని దాటడం మానవమాత్రుడికి సాధ్యం కాదని మాకు రోజూ ఐదారు స్నానాలు రుజువు చేసేవి. చంద్రపూర్ ఎండల్లో అదీ ఒక సుఖమే.

రూల్స్ రాతలో ఉండాలన్నాడు బావ. బడి నాకు మిగిల్చిన ఒకే ఆస్తి చేతిరాత, కనుక రాసే పని నాకు పడింది. మేము మాట్లాడేది తెలుగే కానీ చదివింది మరాఠీ బళ్లో. తెలుగు అక్షరాలు నేను చాలా ఏళ్ల తర్వాత, ఆసిఫాబాద్ వైపు పోయే బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నవే. అందుకని మాట తెలుగు, లిపి మరాఠీ. 'కాకి ముట్టితే తానం' అని రాయబోతుంటే బావ నా చేయి పట్టుకున్నాడు. "తానం అని రాస్తరార రూల్ల? ఇజ్జత్ ఉండది. స్నానం అని రాయి." వాడి మాట మీద, దూరం, స్నానం, పాపం, శపథం అంటూ హరికథ చెప్పేవాడిలా బరువైన మాటలన్నీ వేసి ఒక పేజీ నింపాను. ఇంట్లో అన్నట్టు 'తానం' అనే రాసి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

ఒకరోజు ఆ నోటుబుక్కు కాకి టీవీ మీద మరిచిపోయి వచ్చాం. మర్నాడు వెళ్తే తలుపు సగమే తెరిచి, టీవీ ఖరాబైందని చెప్పింది. నేను మిస్త్రీని కదా, స్క్రూడ్రైవర్ తెస్తానన్నాను. అవసరం లేదంటూ తలుపు మూసేసింది. మూసిన తలుపు వెనక టీవీలో ఎవరో ఆడమనిషి ఏడుస్తూ వినబడింది. మరుసటి రోజూ అంతే. ఆట పోయిందన్న దిగులు రెండు రోజులే ఉంది. మూడో రోజు నుంచి అసలు దిగులు మొదలైంది. వాకిట్లో ఎదురైతే కాకి చెంగు దగ్గరికి లాక్కొని గోడవారగా జరిగి పోతోంది. మాకు పోహేలు పెట్టిన చేయి, జ్వరమొస్తే నా నుదురు పట్టిచూసిన చేయి. మేమేం చేశామో మాకు తెలియదు. "ట్యూబు పోయిందేమో, మనమీద కోపం పెట్టుకున్నది" అని నేను, "సాక్ష్యం లేకుండ నేరం ఒప్పుకోవద్దు" అని బావ.

సాక్ష్యం అమ్మ తెచ్చింది. కాకి ఇంటి గిన్నె తిరిగివ్వడానికి గోడ దగ్గరికి పోయిన అమ్మ, కొంగు వాసన చూసుకుంటూ వచ్చింది. "ఏందిరా, ఆమెకేమైంది? గిన్నె తీసుకుంటుంటే చెయ్యికి చెయ్యి తాకింది. ఆతా ఆంఘోళ్ కరా అన్నది. ఇగ పోయి తానం చేయి అంటుంది నన్ను. పొద్దుగాలనే చేసిన గద. నేను వాసనొస్తున్ననా?" అని మా ముక్కుల దగ్గర చేయి పెట్టింది. మేము వాసన చూడలేదు. నేను బావ వైపు, బావ నా వైపు చూశాం. "నోట్‌బుక్కేదిరా?" అన్నాడు బావ. అది కాకి టీవీ మీదే ఉండిపోయింది. తెలుగు రాకపోయినా మరాఠీ అక్షరాలు చదవగలిగిన మనిషికి ఆ పేజీలో ఏ మాటలు తెలుస్తాయో, రెండు భాషల్లోనూ ఒకటే అయిన మాటలు, అప్పుడు కళ్లకు కట్టింది. కాకి... దూరం. కాకి... స్నానం. కాకి... పాపం. కింద శపథం, ఇద్దరి సంతకాలు. పైగా ఆమె ఇంటి నల్లా కిందే, ఆమె కళ్ల ముందే, ఆమె పెట్టిన పోహేలు తిన్న అరగంటకల్లా రోజూ నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నాం. ఎండకనుకొని తువ్వాలు కూడా ఇచ్చేది పాపం.

అమ్మకు చెప్పాం. అమ్మ నవ్వలేదు. "మంచిగుందిరా మీ చదువు" అని ఇద్దరి చెవులూ పట్టుకొని పక్కింటికి తీసుకుపోయింది. కాకి నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టి, కళ్లజోడు సర్దుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "కా-కీ ముట్-టితే స్నా-నమ్." తర్వాత మరాఠీలో నెమ్మదిగా అడిగింది, నా చేతిలో ఏముందిరా అంతగా స్నానం చేసేందుకు, అని. నాకు అంతవరకూ ఏ మాస్టరు కొట్టినా రాని కన్నీళ్లు వచ్చాయి. బావ గొంతు సవరించుకొని, తెలుగులో కాకి అంటే పిన్ని కాదు, కావళా, అదిగో ఆ పక్షి అని వాదన వినిపించాడు. కాకి నమ్మలేదు. పిన్నినీ పక్షినీ ఒకే పేరుతో పిలిచే భాష ఉంటుందా అంది. మీరు ముగ్గురూ ఇంట్లో మాట్లాడుకొని వచ్చారు, మీ సాక్ష్యం చెల్లదంది. బావకు తగిన జడ్జి దొరికింది.

సరిగ్గా అప్పుడే పాలాయన సైకిలు ఆగింది. కోర్పనా వైపు పల్లె నుంచి వచ్చే తెలుగు రైతు. కాకి మమ్మల్ని నోరెత్తవద్దని సైగచేసి, గోడ మీది కాకిని చూపించి, "హే కాయ్ ఆహే? తెలుగూత్ సాంగ్" అంది. ఇదేమిటో తెలుగులో చెప్పమంటే పాలాయన గోడను చూశాడు, ఆమెను చూశాడు, ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాడు. చివరికి చాలా మర్యాదగా, "కాకి, కాకీ" అన్నాడు.

కాకి గుమ్మంలో కూర్చుండిపోయింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు వచ్చింది, తర్వాత ఆ నవ్వులోంచే ఇంకో సంగతి బయటపడింది. అమ్మ ఎండాకాలం మిద్దె మీద వడియాలు పెట్టినప్పుడల్లా, "కాకి వచ్చె, కాకి వచ్చె, కొట్టుండ్రి" అని అరిచేది కదా. కాకి తన ఇంట్లోంచి విని, తననే పిలుస్తోందనుకొని ఆదరాబాదరా వచ్చేదట. వచ్చి చూస్తే అమ్మ కట్టె పట్టుకొని నిలబడి ఉండేదట. ఎందుకో అడగలేక మెల్లగా లోపలికి పోయేదట. పదిహేను ఎండాకాలాలు. "అయ్యో నా తల్లీ" అని అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. స్నానం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజునుంచి కాకి మా ఆటలో మూడో మనిషి. వెల్లుల్లి వాసనొచ్చే వేళ్లతో హాండిల్ పట్టుకొని, టోపీవాడితోపాటు తనూ కుర్చీలో ఎగురుతూ ఆడేది. కాకి ముట్టితే నిజంగానే లేచిపోయి నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకొని వచ్చేది, నవ్వుతూ. "నియమ్ మ్హణ్జే నియమ్" అనేది, రూలంటే రూలే. చివరి దర్వాజా ముందు ఆ మూడు కాకులు మాత్రం ఎవర్నీ వదల్లేదు, ఆమెనూ వదల్లేదు.

మరుసటి ఏడు బావ పదో తరగతి పరీక్షల్లో ఉండగా ఒక మధ్యాహ్నం నేనొక్కణ్నే ఆడుతున్నాను, కాకి వంటింట్లో ఉంది. మొదటి కాకిని తప్పించాను. రెండోదాన్నీ తప్పించాను. మూడోది వచ్చినప్పుడు నా బొటనవేలు నన్ను అడగకుండానే నొక్కేసింది. కిర్ర్‌క్. దర్వాజా తెరుచుకుంది, తెరమీద పూలవాన కురిసింది. మేము అంతకుముందెన్నడూ చూడని పూలు. నేను కేక పెట్టాను. కాకి పరుగున వచ్చి, "నియమానే?" అని అడిగింది, రూలు ప్రకారమేనా అని. అవునన్నాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, నా నోట్లో దూద్‌పేడా పెట్టి, నోటుబుక్కులో తన గుండ్రటి అక్షరాలతో రాసింది. 'కాకీలా న శివతా జింక్లా.' కాకిని ముట్టకుండా గెలిచాడు. కావళా అనాల్సిన చోట కాకి అనే రాసింది, మా భాష మీద గౌరవంతో. ఆ పేడా మింగడానికి నాకు చాలాసేపు పట్టింది.

తర్వాత టీవీలు పోయి కంప్యూటర్లొచ్చాయి, అవి పోయి ఫోన్లొచ్చాయి. టీవీలు విప్పిన స్క్రూడ్రైవర్‌తోనే నేనిప్పుడు మొబైళ్లు విప్పుతున్నాను. వకీలు బావ వకీలు కాలేదు, ఉప్పర్వాహిలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి లోపలికి పోయేవాళ్లందరికీ రూల్స్ చెబుతుంటాడు. ఒకరకంగా మాలో అనుకున్నది సాధించినవాడు వాడే.

పోయినేడాది కాకి కాలం చేసింది. పదో రోజున వర్ధా నది ఒడ్డున పిండం పెట్టారు. పిండాన్ని కావళా శివాలి, అంటే కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయినట్టు. కాకి ఎదుటి కొమ్మ మీదే ఉంది, దిగడం లేదు. కొడుకు చేతులు జోడించి నాన్నను బాగా చూసుకుంటానన్నాడు. కోడలు దేవుడి దీపం మానను అంది. ఎవరేం చెప్పినా అది తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది తప్ప దిగదు. ఎండెక్కుతోంది. బావ నా పక్కటెముకల్లో పొడిచి, "నువ్వు పో రా. నీది బాకీ ఉన్నది" అన్నాడు.

ఏం బాకీ అని అడగలేదు. పిండం దగ్గర కూర్చొని, తలదించుకొని, ఆ చివరి దర్వాజా చీటింగ్ చేసి గెలిచానని మరాఠీలో చెప్పాను. కాకి కదల్లేదు. వెనకనుంచి బావ, "తెలుగుల చెప్పురా. అది తెలుగు కాకి" అని గొణిగాడు. "తప్పయింది కాకీ, దా" అన్నాను. కొమ్మ మీది దాన్ని పిలిచానో, పోయిన మనిషిని పిలిచానో ఇప్పటికీ చెప్పలేను. అది రెక్కలు విదిల్చి, వచ్చి, ముక్కుతో పిండాన్ని పొడిచి పోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"నీకెట్ల తెలుసురా?" అని బావను అడిగాను. "నేను పరీక్షకెళ్లొచ్చినంక ఆమెనే చెప్పింది. వంటింట్లకు సప్పుడు రాదనుకున్నవా? కాకి సచ్చినట్టు ఆమెకు వినబడనే వినబడ్డది. నీతోని అనొద్దని నాతోని ఒట్టేయించుకున్నది" అన్నాడు. ఇరవై అయిదేళ్లకు పైగా ఆ ఒట్టు తప్పని వాణ్ని చూస్తే నాకు శనివారం రొట్టె ముట్టని టోపీవాడు గుర్తొచ్చాడు. గెలవడానికి తొందరపడిన ఆ పోరణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. పేడా తిన్నది వాడు, రూలు నిలబెట్టింది మాత్రం మిగతా ఇద్దరు.

"పద" అన్నాడు బావ, చొక్కా విప్పుతూ. "కాకి ముట్టింది గద." ఇద్దరం నదిలోకి దిగి తలారా మునిగాం.